ఖాళీ తరంగాన్ని రేడియో ఎలా గుర్తిస్తుంది?

రైలులో రిజర్వేషన్ చేయించుకున్నవారు రాకపోతే ఆ బెర్తు మీద మరొకరు కూర్చోవచ్చు. అసలు మనిషి రాగానే లేవాలి. కాగ్నిటివ్ రేడియో చేసేదీ ఇదే. టీవీకి, రాడార్‌కు కేటాయించిన తరంగాలు అన్ని చోట్లా, అన్ని వేళలా వాడుకలో ఉండవు. ఆ ఖాళీని కనిపెట్టి, వాడుకొని, హక్కుదారు రాగానే తప్పుకొనే రేడియో ఇది. 1999లో జోసెఫ్ మిటోలా, గెరాల్డ్ మాగ్వైర్ రాసిన వ్యాసంతో ఈ పేరు ప్రచారంలోకి వచ్చింది.

ఖాళీని కనిపెట్టే పనిని స్పెక్ట్రమ్ సెన్సింగ్ అంటారు.

మూడు పద్ధతులు

1. శక్తిని కొలవడం: చానల్‌లో వచ్చే మొత్తం శక్తి ఒక హద్దు దాటితే ఎవరో ఉన్నట్టు లెక్క. చాలా సులువు. అయితే రిసీవర్‌లో పుట్టే రొద ఎంతో కచ్చితంగా తెలియకపోతే, మరీ బలహీనమైన సంకేతం ఎంతసేపు విన్నా దొరకదు.

2. తెలిసిన గుర్తుతో పోల్చడం: సంకేతం తీరు ముందే తెలిస్తే త్వరగా పట్టుకోవచ్చు. కానీ ఒక్కో రకానికి ఒక్కో ఏర్పాటు కావాలి.

3. లయను వెతకడం: మనిషి చేసిన సంకేతంలో మళ్ళీ మళ్ళీ వచ్చే లయ ఉంటుంది, రొదలో ఉండదు. బలహీన సంకేతాలకు మంచిది. లెక్కలు మాత్రం ఎక్కువ.

రెండు తప్పులు

ఉన్నవారిని లేరనుకుంటే హక్కుదారుకు నష్టం. లేనివారిని ఉన్నారనుకుంటే ఖాళీ వృథా. హద్దు మార్చి ఒకటి తగ్గిస్తే రెండోది పెరుగుతుంది. 2011లో వచ్చిన ఐఈఈఈ 802.22 ప్రమాణం ప్రకారం రెండు సెకన్లలోపు, కనీసం 90 శాతం సందర్భాల్లో సంకేతాన్ని పట్టాలి. తప్పుడు హెచ్చరికలు 10 శాతం మించకూడదు.

అసలు చిక్కు

పరికరం కొండ చాటునో, సెల్లార్‌లోనో ఉంటే టీవీ టవర్ దానికి వినిపించదు. పక్కింటి డాబా మీది యాంటెన్నాకు వినిపిస్తుంది. పరికరం ఖాళీ అనుకొని ప్రసారం మొదలుపెడితే పక్కింటివారి బొమ్మ పోతుంది. అందుకే అమెరికా నియంత్రణ సంస్థ 2008లో మైనస్ 114 డీబీఎం వంటి అతి సన్నని సంకేతాన్నీ పట్టాలని నిబంధన పెట్టింది. పలు చోట్ల ఉన్న పరికరాలు కలిసి విని నిర్ణయించుకోవడం ఒక విరుగుడు. ఏ ఊళ్ళో ఏ చానల్ ఖాళీయో చూపే డేటాబేసు మరొకటి. దాన్ని చూసి నడిచే పరికరాలకు అమెరికా 2010లో వినే షరతు తీసేసింది. మన దేశంలో మహారాష్ట్రలోని పాల్ఘర్ పల్లెల్లో ఐఐటీ బాంబే ఖాళీ టీవీ తరంగాలతో ఇంటర్నెట్ అందించి చూసింది.

టవర్ కదలదు కాబట్టి దానికి డేటాబేసు చాలు. ఎప్పుడు ఎక్కడ పనిచేస్తుందో చెప్పలేని రాడార్‌కు మాత్రం వినక తప్పదు. అమెరికాలో 5 గిగాహెర్ట్జ్ పట్టీలో రాడార్‌తో పంచుకొనే చానళ్లలో వైఫై రూటర్ ముందు 60 సెకన్లు వినాలి. రాడార్ వినిపిస్తే 10 సెకన్లలో చానల్ ఖాళీ చేసి, 30 నిమిషాలు ఆ వైపు రాకూడదు. అక్కడున్న మన పిల్లల ఇంట్లో రూటర్ వేయగానే ఒక నిమిషం మౌనంగా ఉంటే, అది చెడిపోయిందని అనుకోనక్కరలేదు. హక్కుదారు ఉన్నారేమోనని వింటూ ఉండవచ్చు.