కమాను కింది అక్షరం

హైదరాబాదు రాజ్యపు నాణేలను సేకరించేవారిలో ఎక్కువమంది చూపు అషర్ఫీ అనే బంగారు నాణెం మీదనే ఉంటుంది. అది దొరకనివారు, కొనలేనివారు వెండి రూపాయలను నిజాముల వరుసలో పేర్చుకుని సేకరణ పూర్తయిందనుకుంటారు. ఒకే ఒక లక్షణాన్ని పట్టుకుని, రాజు మారినా లోహం మారినా దాని వెంటనే నడుస్తూ కూర్చుకునే అంశవారీ సెట్టుకు ఇక్కడ ఆదరణ తక్కువ. అలాంటి సెట్టుకు తగిన అంశం హైదరాబాదు నాణెం మీదనే ఉంది: పాలకుడి పేరులోని తొలి అక్షరం. మూసీకి దక్షిణాన, పాతబస్తీకి తూర్పు పక్కన ఉన్న మలక్‌పేట చరిత్రను ఆ అక్షరానికి తోడుగా చదివితే, కళ్లద్దాల వ్యాపారి భూతద్దానికి కూడా సరిగా అందని ఆ చిన్న గీత వెనుక ఎంత రాజకీయం నడిచిందో తెలుస్తుంది.

గోల్కొండ సుల్తాను అబ్దుల్లా కుతుబ్‌షా (పాలన 1626–1672) కొలువులోని మాలిక్ యాకూబ్ ఇక్కడ నివసించాడని, అతని పేరున వెలసిన బజారే మలక్‌పేట అయిందని స్థలచరిత్ర చెబుతుంది. ఆ బజారులో చేతులు మారిన చిల్లర రాగి ఫలూసు. అబ్దుల్లా కాలపు ఫలూసుల మీద ‘మేలుతోను శుభంతోను ముగిసింది’ అనే అర్థమిచ్చే వాక్యం, హిజ్రీ 1068 (క్రీ.శ. 1657–58) సంవత్సరం కనిపిస్తాయి. అప్పటికే మొఘలుల ఒత్తిడికి తలవంచిన రాజ్యం తన చిల్లర మీద ‘ముగిసింది’ అని రాసుకోవడం విచిత్రంగానే తోస్తుంది. ఈ రాగి ముక్కలకు బజారులో పెద్ద విలువ లేదు కాబట్టి వీటిని పట్టించుకునేవారూ తక్కువే. కానీ మలక్‌పేట పుట్టుకకు సమకాలికమైన లోహసాక్ష్యం కావాలంటే వీటినే వెతకాలి.

1687లో ఔరంగజేబు గోల్కొండను జయించడంతో నాణెం మీద మొఘలు చక్రవర్తి పేరు వచ్చి చేరింది. 1724 తరువాత అధికారం ఆసఫ్‌జాహీల చేతికి వచ్చినా, వారు దక్కనులో చక్రవర్తి ప్రతినిధులుగానే చెప్పుకున్నారు గనుక ఆ పేరును తీసివేయలేదు. తొలి అక్షరం ఈ సందిగ్ధంలోంచే పుట్టింది. నాణెం నిండా ఢిల్లీ పేరు ఉంచి, ఒక మూలన తమ పేరులోని తొలి అక్షరాన్ని మాత్రం చెక్కించుకునే పద్ధతిని నిజాములు పట్టారు. సికందర్ జా (1803–1829) నాణేల మీద ‘సీన్’, నాసిరుద్దౌలా (1829–1857) నాణేల మీద ‘నూన్’, అఫ్జలుద్దౌలా కాలంలో ‘అలిఫ్’ కనిపిస్తాయి. పూర్తి పేరు వేసుకుంటే తిరుగుబాటు అవుతుంది, ఏమీ వేసుకోకపోతే అస్తిత్వమే ఉండదు. ఒక్క అక్షరం ఆ రెండింటికీ మధ్య దారి.

ఇదే కాలానికి చెందిన మరో జత అక్షరాలు మలక్‌పేటలో రాతి మీద ఉన్నాయి. నిజాం అలీఖాన్ సైన్యానికి శిక్షణనిచ్చిన ఫ్రెంచి సేనాని మిషెల్ జోకిం మారీ రేమండ్ 1798 మార్చి 25న మరణించగా, అతని సమాధి వద్ద నిలిపిన నల్లరాతి స్తంభం మీద ‘జె.ఆర్.’ అనే పొడి అక్షరాలు మాత్రమే చెక్కారు. జనం నోట అతను మూసారాం అయ్యాడు, ఆ చోటు మూసారాంబాగ్ అయింది. రేమండ్ సిపాయిలున్న రోజుల్లో హైదరాబాదు రూపాయి మీద ఉన్న పేరు షా ఆలందే. కళ్లు పోగొట్టుకుని ఢిల్లీలో నామమాత్రంగా మిగిలిన ఆ చక్రవర్తి పేరు దక్కనులో జీతాల రూపాయి మీద చలామణిలో ఉండటం ఆనాటి అధికార స్వరూపాన్ని తెలుపుతుంది.

1857 తిరుగుబాటు అణగిపోయి, చివరి మొఘలు చక్రవర్తి బహదూర్‌షా జఫర్ బర్మాకు ప్రవాసం వెళ్లాక నాణెం మీది మొఘలు పేరుకు కాలం చెల్లింది. 1858 నుంచి నాణెం మీద వ్యక్తి పేరుకు బదులు ‘నిజాముల్‌ముల్క్ ఆసఫ్‌జా’ అన్న వంశ బిరుదు వచ్చింది. దానితోపాటు 92 అనే అంకె కూడా. అరబ్బీ అక్షరాలకు సంఖ్యా విలువలు కట్టే అబ్జద్ పద్ధతిలో ‘ముహమ్మద్’ అన్న పేరు మొత్తం 92 అవుతుంది. ‘ప్రస్తుతం చెల్లేది’ అనే అర్థంలో ఈ నాణేనికి హాలీ సిక్కా అన్న పేరు స్థిరపడింది. అంతకు ముందు టంకశాల హక్కు సాహుకార్ల చేతుల్లోనూ ఉండేది; ఔరంగాబాదులో పార్సీ వ్యాపారి పెస్తన్‌జీ పేరున నడిచిన పెస్తన్‌షాహీ రూపాయి, గద్వాల, నారాయణపేట, వనపర్తి వంటి చోట్ల వెలువడిన నాణేలు, ప్రతి ఒక్కటీ విడిగా ఒక సెట్టుకు సరిపోయే విషయాలు.

సుత్తెతో కొట్టిన ఈ పాత రూపాయలకు ఒక చిక్కు ఉంది. అచ్చు వెడల్పు కంటే లోహపు బిళ్ల చిన్నది కావడం వల్ల రాత కొంత అంచు దాటిపోయేది. చాలా నాణేల మీద పాలకుడి తొలి అక్షరమే పడకుండా పోయింది. కాబట్టి అక్షరం నిండుగా పడిన అరిగిన రూపాయి, అక్షరం తప్పిన మెరిసే రూపాయి కంటే ఈ సెట్టుకు మేలైనది. బజారు ధర దీనికి తలకిందులుగా ఉంటుంది.

మహబూబ్ అలీఖాన్ (1869–1911) కాలంలో మలక్‌పేట రూపురేఖలు మారాయి. 1885లో ఆస్మాన్‌గఢ్ అనే మహలు లేచింది. 1886లో మౌలాలి నుంచి గుర్రప్పందేలు మలక్‌పేటకు వచ్చాయి. మహబూబ్ మాన్షన్ అనే మహలు వెలిసింది. నాణెమూ అదే వేగంతో మారింది. 1895 ప్రాంతంలో యంత్రం మీద ముద్రించిన చరఖీ రూపాయి వచ్చింది, 1903లో టంకశాల సుల్తాన్‌షాహీ నుంచి సైఫాబాదుకు మారింది, హిజ్రీ 1321 (1903–04) నుంచి వెండి నాణెం మీద చార్మినార్ బొమ్మ నిలిచింది. అంతవరకు రాత మధ్య ఒక మూలన ఒదిగిన అక్షరం ఇప్పుడు చార్మినార్ కమాను కిందికి, నాణేనికి నట్టనడుమకు వచ్చింది: మహబూబ్‌కు ‘మీమ్’. నూరేళ్ల పాటు అంచున నిలబడిన అక్షరం నగర ద్వారంలోకి నడిచి రావడం హైదరాబాదు నాణేల చరిత్రలోకెల్లా అందమైన ఘట్టమనడం అతిశయోక్తి కాదు.

1911లో ఉస్మాన్ అలీఖాన్ గద్దెనెక్కగానే కమాను కిందికి ‘అయిన్’ వచ్చింది. మొదట ఆ అక్షరాన్ని పొట్టిగా, పదం మొదట్లో రాసే రూపంలో చెక్కారు. త్వరలోనే పూర్తి రూపంలోకి మార్చారు. హిజ్రీ సంవత్సరంతోపాటు గద్దెనెక్కిన ఏటి నుంచి లెక్కించే జులూస్ సంవత్సరం కూడా నాణెం మీద ఉంటుంది గనుక, మీమ్ నుంచి పొట్టి అయిన్‌కు, దాని నుంచి నిండు అయిన్‌కు జరిగిన మార్పును మూడు రూపాయలతో చూపవచ్చు.

చిల్లర కథ వేరు. పైసలు, అణాల మీద చార్మినార్ లేదు. బిరుదును అలంకారంగా మెలివేసి రాసే తుగ్రా ఉంది. మూలలు గుండ్రం చేసిన చతురస్రపు అణా రెండవ ప్రపంచ యుద్ధకాలంలో రాగి-నికెల్ నుంచి కంచుకు దిగింది. రెండు పైసల బిళ్లకు నడుమ చిల్లు పడింది. లోహపు కరవును ఇంత నిజాయితీగా చెప్పే దస్తావేజు మరొకటి అరుదు, ఇవి ఇప్పటికీ పాత సామాన్ల దుకాణాల్లో తక్కువ ధరకే దొరుకుతాయి.

బ్రిటిషు రూపాయిని హైదరాబాదులో కల్దార్ అనేవారు. ఏడు హాలీ రూపాయలకు ఆరు కల్దార్లు. రాజ్యం భారత యూనియన్‌లో కలిసిన తరువాత కూడా హాలీ సిక్కా కొన్నేళ్లు చెల్లింది, 1959లో పూర్తిగా రద్దయింది. తెలంగాణ ఇళ్లలో దేవుడి పెట్టెల్లో, ధాన్యపు గురుగుల అడుగున అది ఇంకా ఉంది. ఇంట్లో అలాంటి రూపాయి ఉన్న పాఠకులు దాన్ని చింతపండుతో తోమకుండా, కమాను కింద ఏ అక్షరం ఉందో ముందుగా వెలుతురులో పట్టి చూడాలి.