గుద్దుకున్న కారులో డ్రైవరు పాదం: ఆలూరు దారుల నుంచి కొన్ని ప్రశ్నలు

ఎదురెదురుగా రెండు బండ్లు గుద్దుకున్నాయని తెలియగానే మనం మొదట అడిగేది ప్రాణం గురించి, తర్వాత తల గురించి, ఛాతీ గురించి. డ్రైవరు పాదం ఏమైందని అడిగేవారు అరుదు. అడగాల్సిన కాలం వచ్చిందని నా అభిప్రాయం. మన దేశంలో 2019 జూలై 1 నుంచి కొత్త కార్లన్నిటిలో డ్రైవరుకు ఎయిర్‌బ్యాగ్ తప్పనిసరి అయింది. బెల్టు, ఎయిర్‌బ్యాగ్ కలిసి తలనూ ఛాతీనీ కాపాడతాయి. మోకాలి కింది భాగానికి ఆ రెండూ చేయగలిగింది తక్కువ. ఒకప్పుడైతే చనిపోయేంత దెబ్బ తగిలిన మనిషి ఇప్పుడు బతుకుతున్నాడు, చాలాసార్లు విరిగిన మడమతో, నుజ్జయిన చీలమండతో. గుద్దుకున్నప్పుడు పెడలు పాదాన్ని గాయపరచకుండా చూసే ఉపాయాలు పాతికేళ్ల కిందటే వచ్చాయి. వాటిని ఏ పాదంతో పరీక్షించారు, ఆలూరు దారుల్లో బండి నడిపే పాదానికి అవి ఎంతవరకు సరిపోతాయి అన్నదే ఈ వ్యాసం అడిగే ప్రశ్న.

ఆలూరు కర్నూలు జిల్లా పడమటి అంచున, బళ్లారికి దగ్గరగా ఉంది. హగరి దగ్గర మొదలయ్యే 167వ జాతీయ రహదారి ఆలూరు మీదుగా ఆదోని వైపు పోతుంది. పత్తి తీసే రోజుల్లో ఆదోని మార్కెట్‌కు లోడ్లు, ఇటు గుంతకల్లుకు జీపులు, ఆటోలు, సుగ్గికి, అంటే వలస కూలికి, పోయే కుటుంబాలను ఎక్కించుకున్న బొలెరోలు, వెనక లైటు లేని ట్రాక్టరు ట్రాలీలు అన్నీ ఒకే తారు మీద నడుస్తాయి. మధ్యలో డివైడరు లేని దారిలో ముందు లోడును దాటబోయి ఎదురు బండిని గుద్దితే, బండి ముఖమంతా సమంగా తగలదు. ఆఖరి క్షణంలో ఇద్దరూ పక్కకు తిప్పుకుంటారు కాబట్టి ఒక మూల మాత్రమే తగులుతుంది. ఆ మూల వెనకే డ్రైవరు కాళ్లుంటాయి. ఎడమ పక్కన నడిచే మన రోడ్డు మీద, కుడి పక్క స్టీరింగ్ ఉన్న రెండు బండ్లు ఎదురుపడితే తగిలేది ఇద్దరి కుడి మూలలే.

అప్పుడు లోపల జరిగేది ఇది. ఇంజనుకూ క్యాబిన్‌కూ మధ్య ఒక రేకు గోడ ఉంటుంది. దాన్ని ఫైర్‌వాల్ అంటారు. బ్రేకు, క్లచ్ పెడళ్ల బ్రాకెట్ సాధారణంగా దానికే బిగించి ఉంటుంది. గోడకు అవతలి వైపు, ఇంజను పక్కన, బ్రేకు బూస్టరు, మాస్టర్ సిలిండరు ఉంటాయి. ముందు భాగం నలిగి ఇంజనో చక్రమో వెనక్కి వస్తే ఫైర్‌వాల్ లోపలికి ఉబ్బుతుంది, దానితో పాటు బ్రాకెట్ కదులుతుంది. ఇంజను నేరుగా మాస్టర్ సిలిండరును నెట్టిందంటే బూస్టరులోని పుష్ రాడ్ ఈటెలా పెడలును డ్రైవరు వైపు తోస్తుంది. ఇదంతా సెకనులో పదో వంతు, కాస్త అటూ ఇటూ. ఆ సమయంలో డ్రైవరు ఒళ్లు ముందుకు పోతుంటుంది, పెడలు వెనక్కి వస్తుంటుంది. ఆ రెంటి మధ్య చిక్కేది పాదం.

పాదం ఎలా విరుగుతుందన్నది పెడలు మీద అది ఎలా ఉందన్నదాన్ని బట్టి మారుతుంది. మోర్గాన్, ఎపింజర్, హెనెస్సీ 1991లో ప్రచురించిన అధ్యయనం ముందు నుంచి తగిలిన ప్రమాదాల్లో చీలమండ గాయాలకు కారణాలు వెతికి, పెడళ్లతో తాకిడిని ఒక ముఖ్య కారణంగా చూపింది. బ్రేకును గట్టిగా తొక్కినప్పుడు మడమ నేల నుంచి లేస్తుంది, బరువంతా వేళ్ల మొదటి కీళ్ల మీద పడుతుంది. అప్పుడు పెడలు వెనక్కి వస్తే పాదం ముంగాలి వైపు మడిచినట్టు వంగుతుంది. పాదం పెడలు అంచు నుంచి జారితే చీలమండ లోపలికో బయటికో మెలిపడుతుంది. పిక్క కండరం బిగించి ఉండటం కూడా లెక్కలోకి వస్తుంది. భయంతో బ్రేకు తొక్కే మనిషి మడమ నరం అప్పటికే బిగిసి, మోకాలి కింది ఎముకను పాదం మీదికి అదుముతుంటుంది. దానికి బయటి దెబ్బ తోడైతే ఆ ఎముక కింది కొస, కీలు దగ్గరే, ముక్కలవుతుంది. ఆ చోటును ఎంత బాగా అతికించినా కీలు మునుపటిలా తిరగకపోవచ్చు. ప్రాణాపాయం కొలమానాల మీద ఇవి చిన్న గాయాలే. రోజూ క్లచ్ తొక్కితే తప్ప ఇల్లు గడవని మనిషికి అవి చిన్నవి కావు.

దీనికి ఇంజనీర్లు మూడు నాలుగు దారులు కనిపెట్టారు. మొదటిది వదిలేయడం. ఒపెల్ కంపెనీ 2000 ప్రాంతం నుంచి తన కార్లలో పెడలు విడిపోయే ఏర్పాటు పెట్టింది. గోడ నలగడం మొదలవగానే పెడలును పట్టుకున్న బిగింపు విడిపోతుంది, పెడలు పట్టు లేకుండా వేలాడుతుంది, పాదానికి ఎదురు నిలవదు. రెండోది తిప్పేయడం. డ్యాష్‌బోర్డు వెనక అడ్డంగా, స్టీరింగును మోసే గట్టి దూలం ఒకటుంటుంది. ఫైర్‌వాల్ వెనక్కి కదిలితే పెడలు పై భాగం ఆ దూలానికి బిగించిన ముక్కకు తగిలి, మీటలా తిరిగి, కింది భాగం ముందుకే పోతుంది. గోడ ఎంత వెనక్కి వస్తే పాదం దగ్గర పెడలు అంత దూరం జరుగుతుంది. విపత్తు బలాన్నే విపత్తు నుంచి తప్పించడానికి వాడుకునే ఈ ఏర్పాటు నాకు అన్నిటికంటే తెలివైనదిగా తోస్తుంది. మూడోది పుష్ రాడ్‌ను ఒక హద్దు దాటిన బలానికి వంగేలా చేయడం, మాస్టర్ సిలిండరును ఇంజను దారికి అడ్డం లేకుండా అమర్చడం. వీటన్నిటికీ ఒకే షరతు: ప్రమాదం జరిగేవరకు పెడలు వంగకూడదు, ఊగకూడదు. భయంతో మనిషి తొక్కే బ్రేకు బలానికి తట్టుకుని నిలవాలి, ముందు నుంచి వచ్చే దెబ్బకు మాత్రమే లొంగాలి. డిజైనులో కష్టమంతా ఈ రెండు బలాలను వేరు చేయడంలోనే ఉంది.

ఇవి పనిచేస్తాయా? పరీక్షశాలలో పనిచేస్తాయనడానికి ఆధారం గట్టిదే. కార్లను గుద్దించి పరీక్షించి స్టార్లు ఇచ్చే యూరప్ సంస్థ యూరో ఎన్‌క్యాప్ 1997 నుంచి ఫలితాలు ప్రకటిస్తోంది. గంటకు 64 కిలోమీటర్ల వేగంతో, కారు వెడల్పులో 40 శాతం మాత్రమే తగిలేలా అల్యూమినియం తేనెపట్టు అడ్డుకు కొట్టే, 2020కి ముందు నడిచిన దాని పరీక్షలో, పెడలు వెనక్కి వచ్చిన దూరం 100 మిల్లీమీటర్ల లోపు ఉంటే ఆ అంశానికి పూర్తి మార్కులు, 200 చేరితే సున్నా ఇచ్చేవారు. పూర్తిగా విడిపోయేలా చేసిన పెడలు నిజంగా విడిపోయి, ఎదురు నిలవకుండా ఉంటే ఆ దూరాన్ని లెక్కలోకి తీసుకునేవారు కాదు. వెనక్కి వచ్చి బిగుసుకుపోయిన పెడలుకు వేరే కోత ఉండేది: 200 న్యూటన్ల బలంతో నెట్టినా 25 మిల్లీమీటర్లు కూడా కదలకపోతే అది బిగుసుకున్నట్టే లెక్క. ఈ అంకెలే కంపెనీలను కదిలించాయి. అయితే రోడ్డు మీద పాదాల గాయాలు తగ్గితే ఆ ఘనతంతా పెడలుకే కట్టబెట్టకూడదు. అదే కాలంలో కార్ల చట్రం గట్టిపడింది, కాళ్ల దగ్గర నేల నలగడం తగ్గింది, బెల్టులు మెరుగయ్యాయి. అన్నీ కలిసి మారినప్పుడు ఒక్కదాని వాటాను విడదీయడం కష్టం.

ఇక మన దేశపు పరీక్షలు. ఐక్యరాజ్యసమితి 94వ నిబంధన నమూనాగా తయారైన ఏఐఎస్-098 ప్రమాణం 2017 అక్టోబరు నుంచి కొత్త మోడళ్లకు, 2019 అక్టోబరు నుంచి అన్ని కార్లకూ వర్తించింది. ఇందులో వేగం 56 కిలోమీటర్లు. మన కార్లకు స్టార్లు ఇచ్చే భారత్ ఎన్‌క్యాప్ 2023 అక్టోబరు 1న మొదలైంది, అది 64 కిలోమీటర్లతో పరీక్షిస్తుంది. తేడా 8 కిలోమీటర్లే అనిపించినా కారు మోసే శక్తి వేగం వర్గంతో పెరుగుతుంది కాబట్టి రెండో పరీక్షలో దెబ్బ దాదాపు 30 శాతం ఎక్కువ. 94వ నిబంధన మోకాలి కింది ఎముక మీద పడే బలానికి 8 కిలోన్యూటన్ల హద్దు పెట్టింది, స్టీరింగ్ చక్రం ఎంత వెనక్కి రావచ్చో చెప్పింది. పెడలు ఇంతకు మించి రాకూడదన్న అంకె అందులో లేదు. చట్టం అడిగేదానికీ స్టార్లు ఇచ్చే సంస్థలు చూసేదానికీ మధ్య ఖాళీ ఇక్కడ ఉంది.

ఈ విషయం రాయలసీమకు దూరపుదేమీ కాదు. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా ఫ్యాక్టరీ 2019 నుంచి కార్లు తయారు చేస్తోంది. అక్కడి నుంచి వచ్చిన మొదటి మోడల్ సెల్టోస్‌కు 2020లో గ్లోబల్ ఎన్‌క్యాప్ పెద్దల రక్షణలో 3 స్టార్లు ఇచ్చింది. 2025లో అదే కంపెనీ సైరోస్‌కు భారత్ ఎన్‌క్యాప్ 5 స్టార్లు ఇచ్చింది. రెండు సంస్థల లెక్కింపు పద్ధతులు, కాలాలు వేరు కాబట్టి ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి ప్రగతి ఇంత అని కొలవడం సరికాదు. కొనేవారు చూడాల్సింది స్టార్ల కింద దాగిన వివరం. గ్లోబల్ ఎన్‌క్యాప్ నివేదికల్లో కాళ్లు పెట్టే చోటు స్థిరంగా ఉందా లేదా అని ఒక మాట విడిగా ఉంటుంది. ఆ ఒక్క వాక్యం పాదం గురించి స్టార్ల కంటే ఎక్కువ చెబుతుంది.

అసలు సందేహం ఇక్కడ మొదలవుతుంది. ఈ పరీక్షల్లో డ్రైవరు సీట్లో కూర్చునే డమ్మీ 175 సెంటీమీటర్ల ఎత్తు, 78 కిలోల బరువు ఉన్న మగవాడి నమూనా. దాని కాళ్లకు బూట్లు ఉంటాయి. కుడి పాదం తొక్కని యాక్సిలరేటర్ మీద, మడమ నేల మీద ఆనించి ఉంటుంది. బ్రేకు మీద ఉండదు. కండరం బిగించదు. గుద్దబోతున్నానని తెలిసిన మనిషి పాదం అలా ఉండదు, బ్రేకు మీద ఉంటుంది, మడమ లేచి ఉంటుంది. పైగా మన మగవారి సగటు ఎత్తు 165 సెంటీమీటర్లకు దగ్గర, ఆడవారిది 152కు దగ్గర. పొట్టి డ్రైవరు సీటు ముందుకు జరుపుకుంటాడు, పెడలు అందడానికి మడమ ఎత్తుతాడు. అమెరికాలో మేరీలాండ్ విశ్వవిద్యాలయానికి చెందిన డిషింజర్ బృందం 1990ల్లో ఆసుపత్రి కేసులు చూసి, పొట్టి డ్రైవర్లలో చీలమండ, పాదం ఎముకల విరుగుళ్లు ఎక్కువని తేల్చింది. ఆ దేశపు ఆటోమేటిక్ కార్ల నుంచి వచ్చిన ఆ ఫలితాన్ని ఇక్కడికి యథాతథంగా తేలేం. ఇక్కడ ఎక్కువ బండ్లకు క్లచ్ ఉంది, ఎడమ పాదానికీ పని ఉంది. ఎండాకాలం ఆలూరులో బూట్లు వేసుకుని బండి నడిపేవారు కొద్దిమంది. చెప్పులతోనో, చెప్పులు విడిచేసి వట్టి కాళ్లతోనో నడుపుతారు. వట్టి అరికాలికి పెడలు అంచు నేరుగా తగులుతుంది. జారే చెప్పు పాదాన్ని పెడలు మధ్యలో నిలవనివ్వదు, పాదం జారితే మెలిపడే గాయానికి దారి తెరుచుకుంటుంది. ఇది తర్కంతో చేసిన ఊహ, లెక్కలతో తేలాల్సింది.

ఇంతకంటే పెద్ద ఖాళీ సరుకు బండ్ల దగ్గరుంది. ఏఐఎస్-098 గానీ భారత్ ఎన్‌క్యాప్ గానీ చూసేది ప్రయాణికుల కార్లనే. బొలెరో పికప్, టాటా ఏస్ వాటి పరిధిలోకి రావు. ఏస్‌లో ఇంజను సీటు కింద ఉంటుంది, పాదాల ముందు నలిగి దెబ్బను మింగే చోటు చాలా తక్కువ. పెడలు ఎంత తెలివిగా విడిపోయినా, దాని వెనకే ముందు రేకు వస్తుంటే పాదానికి పోయే చోటు ఉండదు. అలాంటి బండికి పెడలు కంటే ముందు ముక్కు కావాలి. ట్రాలీ వెనక్కి దూరే ప్రమాదాల్లోనూ పెడలు లెక్కలు పనికిరావు. ట్రాలీ చట్రం కారు బంపరు పైనుంచి వచ్చి అద్దానికే తగులుతుంది. అక్కడ పాదాలు మిగలవచ్చు, మనిషి మిగలడు. ట్రాలీకి వెనక అడ్డుకమ్మీ, మెరిసే స్టిక్కర్లు అన్నిటికంటే ముందు రావాలని అందుకే గట్టిగా అంటాను.

మన రికార్డుల్లో ఈ తేడాలేవీ కనిపించవు. కేంద్ర రవాణా శాఖ లెక్క ప్రకారం 2022లో దేశంలో 4,61,312 ప్రమాదాలు జరిగాయి, 1,68,491 మంది చనిపోయారు, 4,43,366 మంది గాయపడ్డారు. ఆ గాయపడినవారిలో ఎందరి పాదాలు విరిగాయో ఆ అంకె చెప్పదు. భారతీయ న్యాయ సంహిత 116వ సెక్షన్ ప్రకారం ఏ ఎముక విరిగినా తీవ్ర గాయమే. ముంజేయి విరిగినా, మడమ విరిగినా కాగితం మీద పడేది ఒకే మాట. పరిహారం దగ్గర మాత్రం ఈ తేడా ప్రాణమంత ముఖ్యం. 2010లో రాజ్‌కుమార్ – అజయ్‌కుమార్ కేసులో సుప్రీంకోర్టు, వైకల్య శాతం వేరు, సంపాదన కోల్పోయిన శాతం వేరు అని స్పష్టం చేసింది. డ్రైవరుకో వడ్రంగికో చెయ్యి పోతే వైకల్యం 60 శాతమైనా సంపాదన నష్టం దాదాపు నూటికి నూరు కావచ్చని ఉదాహరణ చూపింది. చీలమండ తిరగని పికప్ డ్రైవరు విషయంలోనూ ఇదే తర్కం వర్తిస్తుంది. అలాంటి మనిషి ట్రిబ్యునల్ ముందు నిలబడేది ఆసుపత్రి కాగితంతోనే. అందులో ఎముక పేరు, కీలు ఎంత తిరుగుతుందో రాసి ఉండాలి.

దీన్ని తేల్చడానికి పెద్ద పరీక్షశాల అక్కర్లేదు. ఆలూరు, ఆదోని, గుంతకల్లు దారుల్లో ముందు నుంచి తగిలిన ప్రతి కారునూ, పికప్‌నూ పోలీసు స్టేషన్ ఆవరణలో ఉండగానే టేపుతో కొలవవచ్చు: డ్రైవరు సీటు పట్టా నుంచి బ్రేకు పెడలు, క్లచ్ పెడలు ఎంత దూరంలో ఉన్నాయి, అదే మోడల్ చెడని బండిలో ఎంత, పెడలు విడిపోయిందా, బిగుసుకుందా, నేల రేకు చిరిగిందా. ఆదోని, కర్నూలు ఆసుపత్రుల్లో ఎముకల డాక్టరు డ్రైవరును నాలుగు మాటలు అడిగితే చాలు: ఏ కాలు, ఏ పెడలు మీద ఉంది, కాలికి ఏముంది, ఎత్తెంత. ఈ రెండు కాగితాలూ పేర్లు తీసేసి ఒకచోట చేర్చాలి. రెండేళ్ల కేసుల్లో పెడలు ఎక్కువ దూరం వెనక్కి వచ్చిన బండ్లలోనే పాదాలు విరిగాయని తేలితే, విడిపోయే పెడలును, వెనక్కి వచ్చే దూరానికి ఒక హద్దును తప్పనిసరి చేయమని అడగడానికి మన దగ్గర మన ఆధారమే ఉంటుంది. పెడలు 100 మిల్లీమీటర్ల లోపే ఆగినా మడమలు విరిగిన కేసులు ఎక్కువ కనిపిస్తే, పరిష్కారాన్ని బ్రాకెట్‌లో వెతకడం మాని సీటు ఎత్తులో, పెడలు అందే దూరంలో, కాలి చెప్పులో వెతకాల్సి ఉంటుంది.