నెత్తురు ఒరిపిడి తెలిసిన పొర

ఎల్బీ నగర్‌లో బీపీ చూపించుకుంటే డాక్టరు చెప్పేవి రెండే మాటలు: మాత్ర మానొద్దు, నడక మానొద్దు. సరూర్‌నగర్ చెరువు పక్కన పొద్దున్నే నడిచేవాళ్లకు ఆ రెండో మాట కంఠతా వచ్చు. నడిస్తే నాళాల్లో ఏం జరుగుతుందో తేలడానికి మాత్రం దశాబ్దాలు పట్టింది. అందులో ఒక కొస భీమవరంలో ఉంది.

భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి 1929లో కండరాల్లో ఏటీపీ అనే అణువును గుర్తించారు. అదే ఏడు జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా కనిపెట్టాడు. కణానికి అది ఇంధనమని తర్వాత తేలింది. కణం గడప దాటి కబుర్లు కూడా మోస్తుందని 1972లో జెఫ్రీ బర్న్‌స్టాక్ అంటే చాలామంది కొట్టిపారేశారు.

రక్తనాళం లోపలి పొర ఎండోథీలియానిదీ అదే గతి. కోటుకు అస్తరులా నాళానికి ఆ పొర అనుకునేవారు. 1980లో ఫర్చ్‌గాట్, జవాడ్‌స్కీ కుందేలు ధమని ముక్కలతో ఆ అపోహ తీర్చారు. పొర ఉంటే ఎసిటైల్‌కోలిన్‌కు నాళం సడలింది, పొర గీరుకుపోతే సడలలేదు. సడలించే ఆ పదార్థం నైట్రిక్ ఆక్సైడ్ అని తర్వాత తేలింది. 1998 నోబెల్ దానికే.

మరి పొరకు ఆజ్ఞ ఇచ్చేదెవరు? నేహర్, సాక్‌మన్ 1976లో చూపిన ప్యాచ్ క్లాంప్ పద్ధతితో కణపు పొరలో అయాన్లు దాటే ద్వారాల్లో, అంటే అయాన్ చానెళ్లలో, ఒక్కొక్కదాని కరెంటునూ కొలవడం వీలైంది. 1987లో ఎండోథీలియం కణాల్లో సాగదీస్తే తెరుచుకునే చానెళ్లు, మరుసటి ఏడు ప్రవాహపు ఒరిపిడికి పుట్టే పొటాషియం కరెంటు బయటపడ్డాయి. 2006లో జపాన్ పరిశోధకులు పీ2ఎక్స్4 చానెల్ లేని ఎలుకలను పరీక్షించారు. వాటి నాళాలు ప్రవాహానికి సరిగా సడలలేదు, బీపీ పెరిగింది. ఆ చానెల్‌ను తెరిచే తాళంచెవి ఏటీపీయే! 2010లో పటపూటియన్ బృందం ఒత్తిడికి తెరుచుకునే పీజో1 చానెల్‌ను కనుగొంది. అది లేకపోతే ఎలుక పిండంలో రక్తనాళాలే సరిగా రూపుదిద్దుకోవని 2014లో తేలింది. 2021 నోబెల్‌లో పటపూటియన్‌కు వాటా దక్కింది.

నడిస్తే నెత్తురు జోరందుకుంటుంది. ఆ ఒరిపిడికి లోపలి పొరలో చానెళ్లు తెరుచుకుంటాయి, కాల్షియం లోపలికి వస్తుంది, నైట్రిక్ ఆక్సైడ్ పుడుతుంది, నాళం సడలుతుంది. బీపీకి వాడే ఆమ్లోడిపిన్ దారి వేరు: నాళపు కండరంలో కాల్షియం చానెళ్లను అది మూస్తుంది. మాత్ర ఒక తలుపు మూస్తే నడక ఇంకో తలుపు తెరుస్తుంది. డాక్టరు రెండు మాటలూ చెప్పేది అందుకే.