ప్రజల విరాళాలతో అడవుల పునరుజ్జీవనం, నడక బాటల నిర్మాణం

ప్రత్యేక వ్యాసం

ప్రభుత్వ అటవీ భూములను ప్రజల ఆర్థిక భాగస్వామ్యంతో పునరుద్ధరించి, వాటిలో సందర్శకుల కొరకు నడక బాటలు ఏర్పరచే విధానం 2019 నుండి తెలంగాణలో ప్రాచుర్యం పొందింది. దాతలు సమకూర్చిన నిధులతో కంచె, ప్రవేశ ద్వారం, బాట కొద్ది కాలంలోనే పూర్తవుతాయి. క్షీణించిన అడవి తిరిగి కోలుకోవడానికి మాత్రం అనేక సంవత్సరాల నిరంతర సంరక్షణ అవసరం. ఈ రెండింటి మధ్య గల కాల వ్యవధిలో బాధ్యత ఎవరు వహిస్తారన్నదే ఈ విధానంలో కీలకాంశం.

నేపథ్యం

రాష్ట్రంలో పచ్చదనాన్ని 24 శాతం నుండి 33 శాతానికి పెంచాలన్న లక్ష్యంతో 2015 జూలై 3న తెలంగాణకు హరితహారం కార్యక్రమం ప్రారంభమైంది. మొత్తం 230 కోట్ల మొక్కల లక్ష్యంలో 130 కోట్లు అటవీ ప్రాంతాల వెలుపల, 100 కోట్లు అటవీ ప్రాంతాల లోపల పెంచాలని నిర్దేశించడం జరిగింది. 2024 నుండి మొక్కలు నాటే కార్యక్రమాన్ని వన మహోత్సవం పేరిట ప్రభుత్వం నిర్వహిస్తున్నది.

దత్తత విధానం

నాటి రాజ్యసభ సభ్యులు శ్రీ జోగినపల్లి సంతోష్ కుమార్ 2019లో కీసర వద్ద 2,042 ఎకరాల రిజర్వు అడవిని దత్తత తీసుకున్నారు. సినీ నటులు శ్రీ ప్రభాస్ 2020 సెప్టెంబరులో దుండిగల్ సమీపంలోని ఖాజీపల్లి అటవీ బ్లాకులో 1,650 ఎకరాలను దత్తత స్వీకరించి, తమ తండ్రిగారి పేరిట అర్బన్ ఫారెస్టు పార్కు అభివృద్ధికి రూ.2 కోట్లు విరాళంగా అందించారు. 2022 ఫిబ్రవరిలో శ్రీ అక్కినేని నాగార్జున చెంగిచర్ల అటవీ బ్లాకులో 1,080 ఎకరాల దత్తతకు ముందుకు వచ్చి రూ.2 కోట్లు ప్రకటించారు.

ఇక్కడ దత్తత అనగా భూమిపై హక్కు సంక్రమించడం కాదు. రిజర్వు అడవి అటవీ శాఖ అధీనంలోనే ఉంటుంది. 1980 నాటి అటవీ సంరక్షణ చట్టం ప్రకారం కేంద్ర ప్రభుత్వ అనుమతి లేనిదే అటవీ భూమిని ఇతర అవసరాలకు మళ్లించరాదు. దాత పేరు పార్కుకు ఉండవచ్చును గాని, అడవి ప్రజల ఆస్తిగానే కొనసాగుతుంది.

నిధుల పరిమితి, ప్రకృతి సహకారం

విరాళాన్ని విస్తీర్ణంతో పోల్చి చూసినప్పుడు వాస్తవ స్థితి బోధపడుతుంది. ఖాజీపల్లిలో ఎకరాకు సుమారు రూ.12 వేలు, చెంగిచర్లలో సుమారు రూ.18,500 లభించినట్లు లెక్క తేలుతుంది. ఈ మొత్తంతో అడవి అంతటా మొక్కలు నాటి, నీరు పోసి పెంచడం సాధ్యపడదు. అందువలన అర్బన్ ఫారెస్టు పార్కుల విధానంలో కొద్ది భాగాన్ని మాత్రమే సందర్శకులకు కేటాయించి, అధిక భాగాన్ని సంరక్షణ ప్రాంతంగా ఉంచుతారు.

సంరక్షణ ప్రాంతంలో ప్రధాన కార్యం సహజ పునరుత్పత్తికి తోడ్పడటమే. నరికివేతకు గురైన చెట్ల మోళ్ల నుండి, భూమిలో మిగిలిన వేళ్ల నుండి చిగుళ్లు వస్తాయి. పశువుల మేత, నరికివేత, అగ్ని ప్రమాదాల నుండి రక్షణ కల్పిస్తే అవి తిరిగి వృక్షాలవుతాయి. లాంటానా వంటి పొదలను తొలగించడం, వాలుకు అడ్డంగా కందకాలు త్రవ్వడం, ఊట కుంటలు నిర్మించడం ఇందుకు దోహదం చేస్తాయి. ఖాళీ స్థలాల్లో వేప, రావి, మర్రి, నేరేడు, మద్ది వంటి స్థానిక జాతులను నాటడం వలన పక్షులకు, ఇతర ప్రాణులకు ఆహారం, ఆవాసం సమకూరుతాయి.

నడక బాట నిర్మాణంలోనూ ఈ దృష్టి అవసరం. చెట్లను తొలగించకుండా, వాన నీటి సహజ ప్రవాహానికి అడ్డు రాకుండా మొరంతో వేసిన బాట సందర్శకులను ఒక మార్గానికే పరిమితం చేసి, లేత మొక్కలు తొక్కిడికి గురికాకుండా కాపాడుతుంది. ఆకులు, గడ్డి తొలగించి శుభ్రంగా ఉంచిన బాట వేసవిలో మంటలు వ్యాపించకుండా అడ్డుకట్టగానూ, సిబ్బంది గస్తీకి మార్గంగానూ ఉపకరిస్తుంది.

హరిత నిధి

పెద్ద దాతలతో పాటు సామాన్యుల భాగస్వామ్యానికి ఉద్దేశించిన తెలంగాణ హరిత నిధిని 2021 అక్టోబరులో నాటి ముఖ్యమంత్రి శ్రీ కె.చంద్రశేఖర రావు శాసనసభలో ప్రకటించారు. శాసనసభ్యులు నెలకు రూ.500, అఖిల భారత సర్వీసు అధికారులు రూ.100, ప్రభుత్వ ఉద్యోగులు రూ.25 చొప్పున చెల్లించేందుకు, ప్రతి భూమి రిజిస్ట్రేషన్‌పై రూ.50 వసూలు చేసేందుకు ప్రతిపాదించడం జరిగింది.

గ్రామ స్థాయిలో

పైన పేర్కొన్న బ్లాకులన్నీ హైదరాబాద్ పరిసరాల్లోనివే. రాజధానికి దూరంగా ఉన్న గ్రామీణ మండలాలలో అంతటి దాతలు లభించడం అరుదు. 2016 అక్టోబరు 11న వరంగల్ జిల్లా నుండి వేరుపడి ఏర్పడిన మహబూబాబాద్ జిల్లాలో దట్టమైన అడవులు కొత్తగూడ, గంగారం, గూడూరు ప్రాంతాలలో ఉన్నాయి. వ్యవసాయ ప్రధానమైన నర్సింహులపేట వంటి మండలాలలో ప్రజలకు అందుబాటులో ఉండే హరిత స్థలం గ్రామంలోని పల్లె ప్రకృతి వనమే. 2020 నుండి రాష్ట్రవ్యాప్తంగా 19 వేలకు పైగా ఆవాసాలలో చేపట్టిన ఈ వనాలలోనూ నడక బాటలు ఏర్పరచడం జరిగింది.

ఈ వనాలకు ఉపాధి హామీ నిధులు, పంచాయతీ నిధులే ఆధారం. 2018 నాటి పంచాయతీ రాజ్ చట్టం అమలులో భాగంగా పంచాయతీ బడ్జెట్‌లో 10 శాతం పచ్చదనానికి వినియోగించాలని, నాటిన మొక్కలలో 85 శాతం బ్రతికేలా చూడాలని నిర్దేశించారు. పంచాయతీ నిధి కూడా గ్రామ ప్రజల సొమ్మే కనుక, దాని ఫలితాన్ని తెలుసుకునే హక్కు వారికి ఉన్నది.

ప్రారంభోత్సవం నాటి మొక్కల సంఖ్య కన్నా మూడవ వేసవి దాటిన మొక్కల సంఖ్యే ఈ కార్యక్రమ సాఫల్యానికి నిజమైన కొలమానం. విరాళపు అడవి అయినా, పల్లె వనం అయినా, నీటికి, కాపలాకు ఏటా నిధులు కేటాయించి, బ్రతికిన మొక్కల లెక్కను గ్రామసభ ముందుంచినప్పుడే ప్రజలిచ్చిన ప్రతి రూపాయి సార్థకమవుతుంది.