జనవరి రాయి, భావనపాడు ఇసుక

టెక్కలిలో ఉండే మా భాంజీ జనవరిలో పుట్టింది. ఈసారి సాల్‌గిరాకి గార్నెట్ ఉంగరం కావాలంది. "మామూ, అది నా నెల రాయి, నసీబు తెస్తుంది" అంది. ఉంగరం సరే, నసీబు మాటే గుచ్చుకుంది.

నెలకో రాయి అనే ఈ జాబితా అంత పురానాదేం కాదు. 1912లో అమెరికాలోని కాన్సాస్ నగరంలో నగల వ్యాపారులు కూర్చుని ఖరారు చేశారు. ఖయాల్ మాత్రం పాతదే. హజ్రత్ హారూన్ (అలైహిస్సలాం) ధరించిన పతకంలో పన్నెండు రాళ్లుండేవని తౌరాత్‌లో ఉంది. తర్వాతివాళ్లు వాటిని పన్నెండు నెలలకు జోడించారు.

మన బుజుర్గులు నెల చూడలేదు. అఖీఖ్, ఫిరోజా అని మోజుపడ్డారు. హుజూర్ (స) వెండి ఉంగరానికి హబషీ నగీనా ఉండేదని సహీ ముస్లింలో ఉంది. సూరహ్ రహ్మాన్‌లో యాఖూత్, మర్జాన్ హుస్న్‌కి మిసాల్‌గా వస్తాయి, తావీజుగా కాదు.

ఇంతకీ గార్నెట్ మన పక్కదే. తూర్పు కనుమల ఖొండలైట్ శిలల్లో ఉంటుంది. అవి అరిగి, నదులూ వాగులూ సముద్రానికి చేరిస్తే, భావనపాడు తీరం ఇసుకలో ఇల్మనైట్‌తో కలిసి చేరింది. వడ్రంగుల ఉప్పుకాగితానికీ ఈ ఖనిజాన్ని వాడతారు. గోమేధికమూ గార్నెట్ జాతే. జ్యోతిష్యులు దాన్ని రాహువుకిచ్చారు, అమెరికా వ్యాపారులు గార్నెట్‌ని జనవరికిచ్చారు. ఎవరి నసీబు నమ్మాలి?

ఉంగరం కొన్నాను. ఎర్ర గాజుని గార్నెట్ అని అంటగట్టేవాళ్లుంటారని రసీదులో రాయి పేరు రాయించాను. డబ్బాలో చిటికెడు భావనపాడు ఇసుక పొట్లం కట్టి పెట్టాను.