పసికందు ఒళ్లు చల్లబడితే.. ఎస్‌ఎన్‌సీయూలో ఏం చేస్తారు?

నెలలు నిండకుండా పుట్టిన శిశువు చర్మం పలుచన, ఒంట్లో కొవ్వు తక్కువ. అందుకే త్వరగా చల్లబడుతుంది. ఉష్ణోగ్రత 36.5 నుంచి 37.5 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలి. తగ్గితే రక్తంలో చక్కెర పడిపోవచ్చు, ఊపిరికీ ఇబ్బందే.

ప్రభుత్వ జిల్లా ఆసుపత్రుల ఎస్‌ఎన్‌సీయూల్లో బిడ్డను రేడియంట్ వార్మర్ కింద ఉంచుతారు. పొట్టపై అతికించిన సెన్సర్‌ను బట్టి వేడి పెరుగుతుంది, తగ్గుతుంది. అది ఊడితే బిడ్డ చల్లబడిందనుకుని యంత్రం వేడి పెంచేస్తుంది. అలారం మోగితే నర్సును పిలవండి; మీరు సర్దొద్దు.

కంగారూ మదర్ కేర్‌లో బిడ్డను తల్లి ఛాతీకి చర్మం తగిలేలా హత్తుకుంటారు, రోజుకు కనీసం 8 గంటలు. నాన్నలు మొహమాటపడతారు గానీ, వాళ్లూ చేయొచ్చు. జేఎస్‌ఎస్‌కే కింద చికిత్స, మందులు, రవాణా ఉచితం.

ఇంటికెళ్లాక పాదాలు, పొట్ట తాకి చూడండి. రెండూ చల్లగా ఉంటే బిడ్డను ఛాతీకి హత్తుకునే ఆసుపత్రికి బయల్దేరండి.