మీ నంబరు పార్టీ చేతికి ఎలా వెళ్లింది? పుదుచ్చేరి కేసు చెబుతున్నదేంటి?

ఎన్నికలు దగ్గర పడగానే ఫోన్ మోగడం మొదలవుతుంది. ‘నమస్కారం’ అంటూ ఇంటి పేరుతో సహా పిలిచే మెసేజ్ వస్తుంది. కింద మీ పోలింగ్ బూత్ నంబరు, ఆ కిందే వాట్సాప్ గ్రూపులో చేరమంటూ ఒక లింకు. మీరు ఆ పార్టీకి ఎప్పుడూ నంబరు ఇవ్వలేదు. సభ్యత్వం తీసుకోలేదు, మిస్డ్ కాల్ కూడా ఇవ్వలేదు. మరి నంబరు ఎక్కడి నుంచి వెళ్లినట్టు?

సరిగ్గా ఇదే ప్రశ్న 2021 మార్చిలో మద్రాసు హైకోర్టు ముందుకు వెళ్లింది. అప్పుడు పుదుచ్చేరిలో అసెంబ్లీ ఎన్నికల ప్రచారం నడుస్తోంది. మన కాకినాడకు దగ్గర్లో ఉన్న యానాం కూడా ఆ కేంద్రపాలిత ప్రాంతంలోదే కాబట్టి అక్కడి తెలుగు ఓటర్లూ ఆ ఎన్నికల్లో భాగమే. బీజేపీ తరఫున ఓటర్లకు మెసేజ్‌లు వస్తున్నాయని, బూత్‌లవారీ వాట్సాప్ గ్రూపుల లింకులు పంపుతున్నారని, ఇందుకు ఆధార్ సమాచారం వాడారని ఆరోపిస్తూ డీవైఎఫ్‌ఐ స్థానిక నేత ఒకరు పిటిషన్ వేశారు.

ఆ ఆరోపణకు బలం ఇచ్చింది ఒక చిన్న విషయం. ఒక్కొక్కరి దగ్గర రెండు మూడు నంబర్లు ఉన్నా, ఆధార్‌తో అనుసంధానమైన నంబరుకే మెసేజ్ వచ్చిందని పిటిషనర్ చెప్పారు. కార్యకర్తలు ఇంటింటికీ తిరిగి నంబర్లు అడిగి ఉంటే జనం నోటికొచ్చిన నంబరే చెబుతారు కదా. అందరూ ఆధార్‌కు ఇచ్చిన నంబరునే ఎందుకు చెబుతారు? తమ కార్యకర్తలే జనం దగ్గర నంబర్లు సేకరించుకున్నారన్నది బీజేపీ వాదన.

అప్పటి ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ సంజీబ్ బెనర్జీ, జస్టిస్ సెంథిల్‌కుమార్ రామమూర్తి ధర్మాసనం ఈ ఆరోపణను తేలిగ్గా తీసుకోలేదు. సైబర్ క్రైమ్ పోలీసులు చూస్తున్నారులే అని ఎన్నికల సంఘం ఊరుకుంటే కుదరదంది. పౌరుల వివరాలు బయటికి ఎలా వెళ్లాయో విచారించాలని ఆధార్ సంస్థ యూఐడీఏఐకి చెప్పింది. పోలింగ్ మాత్రం అనుకున్నట్టే ఏప్రిల్ 6న జరిగిపోయింది. ఇలాంటి కేసుల్లో ఎప్పుడూ ఉండే చిక్కే ఇది. విచారణకు నెలలు పడుతుంది, ఎన్నిక వారాల్లో ముగుస్తుంది. ఈలోపు మెసేజ్ చేయాల్సిన పని చేసేస్తుంది.

పార్టీలకు చట్టబద్ధంగా దొరికేది ఏది?

ఓటరు జాబితా బహిరంగ పత్రం. గుర్తింపు పొందిన పార్టీలకు ముసాయిదా జాబితా, తుది జాబితా రెండూ ఎన్నికల సంఘమే ఉచితంగా ఇస్తుంది. అందులో మీ పేరు, తండ్రి లేదా భర్త పేరు, ఇంటి నంబరు, వయసు, ఓటరు కార్డు నంబరు ఉంటాయి. మీ వార్డు కార్పొరేటర్ వాటిని చూసి మీ ఇంటికి ఉత్తరం రాస్తే తప్పేమీ లేదు. అభ్యర్థి ఓటరును కలవకుండా ప్రచారం ఎలా చేస్తాడు?

కానీ ఆ జాబితాలో ఫోన్ నంబరు ఉండదు. కొత్త ఓటు కోసం నింపే ఫారం 6లో మొబైల్ నంబరుకు గడి ఉన్నా, అది దరఖాస్తు పని కోసమే తప్ప ప్రచురించడానికి కాదు. ‘ఓటరు జాబితా చూసి మెసేజ్ పెట్టాం’ అని ఎవరైనా అంటే సగమే నిజం. పేరు, బూత్ అక్కడ దొరికి ఉండొచ్చు. నంబరు మాత్రం ఇంకెక్కడి నుంచో తెచ్చి జత చేశారు. గొడవంతా ఈ జత చేయడం దగ్గరే.

జాబితాను యంత్రాలతో ఇలా జల్లెడ పట్టడం తేలిక కాకూడదనే 2018 నుంచి వెబ్‌సైట్లలో దాన్ని బొమ్మ రూపంలో ఉన్న పీడీఎఫ్‌గా పెడుతున్నారు. వెతకడానికి వీలైన రూపంలో ఇవ్వాలని కాంగ్రెస్ నేత కమల్‌నాథ్ సుప్రీంకోర్టుకు వెళ్తే అదే ఏడాది అక్టోబరులో కోర్టు తోసిపుచ్చింది. దొంగ ఓట్లు పట్టుకోవాలంటే వెతకడానికి వీలుండాలన్న ఆయన వాదనలో పస లేదనలేం. అయితే ఆ సౌకర్యం వస్తే దొంగ ఓట్లు వెతికేవాళ్లతో పాటు మెసేజ్‌లు పంపేవాళ్లకూ పండగే.

హైదరాబాద్‌లోనూ ఇదే రచ్చ

2019 మార్చి మీకు గుర్తుండే ఉంటుంది. టీడీపీ ‘సేవామిత్ర’ యాప్ తయారు చేసిన ఐటీ గ్రిడ్స్ సంస్థపై సైబరాబాద్ పోలీసులు దాడులు చేశారు. ఓటర్ల వివరాలు, ప్రభుత్వ పథకాల లబ్ధిదారుల సమాచారం యాప్‌లోకి చేరాయన్నది ఆరోపణ. టీడీపీ దాన్ని ఖండించింది. తమ పార్టీ సమాచారాన్నే తెలంగాణ పోలీసులు ఎత్తుకెళ్లి వైసీపీకి ఇస్తున్నారని ఎదురు ఆరోపించింది. తన సర్వర్లలోకి ఎవరూ చొరబడలేదని యూఐడీఏఐ ప్రకటించింది. 2023లో పాత్రలు మారాయి. వైసీపీ ప్రభుత్వ హయాంలో వాలంటీర్లు ఇంటింటి వివరాలు సేకరించడంపై పవన్ కల్యాణ్ విమర్శలు చేశారు. అధికారంలో ఉన్నప్పుడు సేవ, ప్రతిపక్షంలో ఉన్నప్పుడు చోరీ!

ప్రభుత్వమే పంపితే? 2024 మార్చిలో ‘వికసిత్ భారత్ సంపర్క్’ పేరిట ప్రధాని లేఖ వాట్సాప్‌లో కోట్ల ఫోన్లకు వచ్చింది. యూఏఈలో ఉన్న విదేశీయులకు కూడా వెళ్లిందని వార్తలు వచ్చాయి. ఎన్నికల కోడ్ వచ్చాక కూడా అవి ఆగకపోవడంతో మార్చి 21న ఎన్నికల సంఘం కేంద్ర ఐటీ శాఖను ఆపమంది. కోడ్‌కు ముందే పంపామని, నెట్‌వర్క్ ఇబ్బందుల వల్ల కొన్ని ఆలస్యంగా చేరాయని ఐటీ శాఖ జవాబు. పథకం కోసం ఇచ్చిన నంబరుకు పథకం సమాచారం రావడం సేవే. అదే నంబరుకు నాయకుడి ఫొటోతో విజయాల జాబితా వస్తే దాన్ని ఏమనాలన్న ప్రశ్నకు ఆ జవాబులో సమాధానం లేదు.

మీకు మెసేజ్ వస్తే ఏం చూడాలి?

డిలీట్ చేయకండి. స్క్రీన్‌షాట్ తీసి, తేదీ, సమయం కనిపించేలా దాచండి. తర్వాత రెండు విషయాలు గమనించండి. ఒకటి, మీకున్న నంబర్లలో ఏ నంబరుకు వచ్చింది? పుదుచ్చేరి కేసు నిలబడింది ఈ ఆధారం మీదే. రెండు, మీ పేరు స్పెల్లింగ్. మన ఇంటి పేర్లు ఆధార్‌లో ఒకలా, రేషన్ కార్డులో ఒకలా, గ్యాస్ కనెక్షన్‌లో ఇంకోలా ఉంటాయి కదా. ఎప్పుడూ చిరాకు పెట్టే ఆ తప్పే ఇక్కడ పనికొస్తుంది. మెసేజ్‌లో ఉన్న తప్పు ఏ కార్డులో ఉందో చూస్తే సమాచారం ఎక్కడిదో ఒక అంచనా దొరుకుతుంది.

ఎస్సెమ్మెస్ అయితే పంపినవారి పేరు చివర చూడండి. ట్రాయ్ 2025 మార్పుల ప్రకారం ప్రభుత్వ సందేశాలకు చివర ‘జీ’ అక్షరం, ప్రచార సందేశాలకు ‘పీ’ అక్షరం ఉండాలి. ప్రభుత్వ గుర్తుతో వచ్చిన మెసేజ్‌లో పార్టీ మాటలు ఉంటే అది గట్టి ఫిర్యాదే. 1909కి కూడా చెప్పొచ్చు కానీ, ఆ ఏర్పాటు ప్రధానంగా వాణిజ్య సందేశాల కోసం పెట్టింది. దానిపై మరీ ఆశలు వద్దు.

ఎన్నికల సమయంలోనైతే దారి సులువు. బల్క్ మెసేజ్‌ల రూపంలో వచ్చే రాజకీయ ప్రకటనలకు ముందస్తు అనుమతి ఉండాలి, ఖర్చు అభ్యర్థి లెక్కలో చూపాలి. పోలింగ్ ముగింపుకు ముందు 48 గంటల్లో అలాంటివి అసలు పంపకూడదు. కాబట్టి ‘నా నంబరు దొంగిలించారు’ అని నిరూపించలేకపోయినా, ‘దీనికి అనుమతి ఉందా’ అని రిటర్నింగ్ అధికారిని లిఖితపూర్వకంగా అడగొచ్చు. సీ-విజిల్ యాప్‌లోనూ ఫిర్యాదు చేయొచ్చు. మీరు వెళ్లాల్సింది ఈ దారిలోనే అని మా సలహా. నిరూపించాల్సిన భారం మీ మీద తక్కువ.

ఆధార్ విషయానికొస్తే, గుర్తింపు వివరాలను అనుమతి లేకుండా బయటపెడితే మూడేళ్ల వరకు జైలు శిక్ష ఉంది. గతంలో యూఐడీఏఐ ఫిర్యాదు చేస్తేనే కోర్టు విచారణకు తీసుకునేది. 2019 సవరణతో బాధితులు కూడా నేరుగా కోర్టుకు వెళ్లే వీలు వచ్చింది.

కొత్త డేటా రక్షణ చట్టం సంగతేంటని అడుగుతారేమో. 2023లో చట్టం వచ్చింది, నిబంధనలు 2025 నవంబరులో నోటిఫై అయ్యాయి. ఏ పని కోసం అనుమతి తీసుకున్నారో ఆ పనికే సమాచారం వాడాలన్నది అందులో మూల సూత్రం. పార్టీలకంటూ ప్రత్యేక మినహాయింపు లేదు. కానీ ప్రధాన బాధ్యతలు అమల్లోకి రావడానికి 18 నెలల గడువు ఇచ్చారు, అంటే 2027 మే వరకు. ఈలోపు మీ ఫోన్‌కు వచ్చే ప్రచార మెసేజ్‌లకు పాత చట్టాలే దిక్కు.